బతికిన కాలేజీ సింహానికి డ్రిల్లు నేర్పిన వస్తాదు

నడికుడి చుట్టుపక్కల నాలుగూళ్ళలో ఎవరినడిగినా ఒకే మాట చెబుతారు. రాజారత్నం మాస్టారికి వ్యాయామం నేర్పిన గురువు మద్రాసులో సింహంతో కుస్తీ పట్టి గెలిచినవాడట. ఈ మాటను ముక్కలుగా విడదీసి చూడాలి. రాజారత్నం డ్రిల్లు మాస్టారు అయ్యాడన్నది నిజం. అతని గురువు వస్తాదు బ్రహ్మానందం అన్నదీ నిజమే. ఇక మిగిలింది సింహం. దాని దగ్గరికి వచ్చేసరికి సాక్షులు ఒకరితో ఒకరు పొసగరు. మాచర్లవైపు వాళ్ళు కుస్తీ అంటారు. గురజాలవైపు వాళ్ళు, కుస్తీ దాకా రానేలేదు, సింహమే లేచి నిలబడి దణ్ణం పెట్టిందంటారు. క్రోసూరులో ఒక పెద్దాయన అది సింహం కాదు, ఏనుగు అని పందెం కాయడానికి సిద్ధంగా ఉన్నాడు. ఇన్ని పాఠాంతరాలకూ మూలం వెతుక్కుంటూ వెనక్కి పోతే చేరేది ఒకే ఒక మధ్యాహ్నానికి, ఒకే ఒక నోటికి. ఆ మధ్యాహ్నాన్ని వరసగా చెప్పుకుంటే సింహం సంగతి దానంతటదే తేలుతుంది.

1946 జూన్ నెల. నడికుడి స్టేషను బయట హజ్రా బీ టీ దుకాణం ఉండేది. పైన తాటాకు, కింద రెండు బల్లలు, మధ్యన పొయ్యి. చక్కెర రేషను కాబట్టి ఆవిడ బెల్లంతో టీ కాచేది. ఆ రుచికి అలవాటు పడ్డవాళ్ళు రేషను ఎత్తేసినా చక్కెర అడగలేదంటారు గాని, అది వేరే విచారణ.

మధ్యాహ్నం రెండు దాటాక రాజారత్నం ఆ దుకాణానికి దాదాపు పరుగున వచ్చాడు. ఊళ్ళోని మిషను బడిలో అతను రెండో ఉపాధ్యాయుడు. ఇరవై నాలుగేళ్ళవాడు, సన్నగా పొడుగ్గా ఉంటాడు. చంకలో ఒక పెద్ద కవరు ఉంది. అందులో మద్రాసులో ఏడాదిపాటు జరిగే వ్యాయామోపాధ్యాయ శిక్షణకు దరఖాస్తు ఉంది. కావలసినవన్నీ ఒక్కొక్కటిగా సంపాదించాడు. స్కూలు ఫైనలు పాసైన పత్రం ఉంది. గురజాల ఆసుపత్రి డాక్టరు రాసిచ్చిన ఛాతీ కొలత ఉంది: మామూలుగా ముప్పై ఒకటి, గాలి పీలిస్తే ముప్పై మూడు. సరిగ్గా అంతే ఉండాలి, ఒక్క నూలుపోగు తగ్గినా పనికిరాదు. వయసు ఇరవై అయిదు నిండకూడదు. వచ్చే ఫిబ్రవరికి అతనికి నిండిపోతాయి. అంటే ఇదే మొదలు, ఇదే చివర. సోమవారానికి దరఖాస్తు మద్రాసు చేరాలంటే ఆ రోజు మూడున్నరకు మాచర్ల నుంచి వచ్చే గుంటూరు బండి తపాలా పెట్టెలో పడాలి.

తొమ్మిదో గడి ఒక్కటే ఖాళీగా ఉంది. అభ్యర్థికి వ్యాయామం నేర్పిన గురువు తన సొంత దస్తూరితో నాలుగు ముక్కలు రాసి సంతకం చేయాల్సిన చోటు అది.

ఆ గురువు దుకాణంలో పెద్ద బల్ల మీద ఒక్కడే ఇద్దరి చోటు ఆక్రమించి కూర్చుని ఉన్నాడు. బ్రహ్మానందానికి యాభై దాటాయి. మీసం ఇంకా నల్లగానే ఉంది. ఒకప్పుడు ఛాతీలో ఉన్న బలంలో కొంత పొట్టలోకి దిగింది. మెడలో నల్లతాడుకు ఒక ఈల వేలాడుతుంటుంది. ఊరి చివర కొట్టంలో ఆయన తాలింఖానా. తెల్లవారుజామున పదిమంది కుర్రాళ్ళ చేత దండీలు, బస్కీలు తీయిస్తాడు, కర్రసాము నేర్పుతాడు. శనివారాలు మాత్రం ఖాకీ నిక్కరు తొడిగి మిషను బడికి వచ్చి పిల్లల్ని వరసల్లో నిలబెట్టి ఈల ఊదుతాడు. ఆ ఒక్క పూట కోసం మిగతా ఆరు రోజులు బతుకుతాడని ఊళ్ళో అనుకునేవారు. వచ్చే ఏడు నుంచి సర్టిఫికెట్టు ఉన్నవాడు దొరికితే వాడే డ్రిల్లు చెప్పాలని బడికి ఉత్తరం వచ్చింది. ఇప్పుడు ఈ కాగితం మీద సంతకం పెడితే ఆ ఈల ఎవరి మెడలోకి పోతుందో బ్రహ్మానందానికీ తెలుసు, రాజారత్నానికీ తెలుసు. అందుకే అడగడానికి రాజారత్నం నాలుగు రోజులు తాత్సారం చేశాడు. అడిగాక మూడు రోజులుగా బ్రహ్మానందం "రేపు చూద్దాంలే" అంటున్నాడు. ఇక రేపు లేదు.

"మాస్టారూ, బండి వేళవుతోంది," అన్నాడు రాజారత్నం, కవరు విప్పుతూ.

"సంతకమేగా, పెడతాలే. కూచో ముందు. హజ్రా, వీడికో టీ పొయ్యి." బ్రహ్మానందం కాగితం వైపు చూడలేదు. "సంతకంతోనే డ్రిల్లు మాస్టర్లయితే రిజిస్ట్రారాఫీసు ముందు దస్తావేజులు రాసేవాళ్ళంతా పహిల్వాన్లే అయ్యుండాల. నేనెట్టా అయ్యానో ఇనుకో. అప్పుడు పెట్టించుకో సంతకం."

ఎదురు బల్ల మీద త్రికోటేశ్వరరావు కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు. ఆయన మిరపతోటల రైతు. గుంటూరు నుంచి రావలసిన పార్శిలు కోసం వచ్చి, వచ్చిన పని మరిచిపోయే రకం. బ్రహ్మానందం నోరు విప్పగానే ఆయన చుట్ట వెలిగించాడు. "చెప్పు బావా. నీ కాడ అబద్ధాలు అయిపోయినియ్యేమోనని రెండు రోజుల్నుంచీ బెంగగా ఉంది," అన్నాడు.

"నువ్వు నోరుముయ్యరా త్రికోటీ. ఇది చదువుకున్నోడికి చెబుతున్నా." బ్రహ్మానందం గొంతు సవరించుకున్నాడు. "యుద్ధం రోజులు. మదరాసులో డ్రిల్లు మాస్టర్ల పరీక్ష పెట్టారని నాకు కబురొచ్చింది. పొద్దున ఇక్కడే బండెక్కా. పిడుగురాళ్ళలో దాహమేసి దిగా. కుండలో నీళ్ళు తాగి తిరిగి చూస్తే బండి కదిలింది. పరిగెత్తా. అర ఫర్లాంగు పరిగెత్తి ఆఖరి పెట్టె కమ్మీ పట్టుకున్నా."

"అదెంత. పోయినేడు మా బర్రె పరిగెత్తింది అర ఫర్లాంగు," అన్నాడు త్రికోటేశ్వరరావు.

"కమ్మీ పట్టుకున్నానన్నాగానీ ఎక్కానన్నానా? నేను పట్టుకునేసరికి బండి ఆగింది. డ్రైవరు ఆవిరి పెంచాడు, చక్రాలు గిర్రున తిరుగుతున్నాయి, బండి మాత్రం కదలదే. అతను దిగొచ్చి, అయ్యా, బొగ్గంతా దండగవుతోంది, ఒదిలిపెట్టండి అని చేతులు జోడించాడు. చూడలేక ఒదిలా. ఒదిలినాక మళ్ళా అదే బండెక్కడం నామోషీ గదా, పట్టాల పక్కన నడుచుకుంటా పొయ్యా. నడవటమంటే మామూలు నడకే, నేనేం తొందరపళ్ళా. సత్తెనపల్లిలో తానం చేసి, మూట విప్పి చద్దన్నం తిని, కాసేపు కునుకు తీసి లేచేసరికి అదుగో, బండి అప్పుడే వస్తావుంది. డ్రైవరు నన్ను చూసి మళ్ళా దణ్ణం పెట్టాడు."

హజ్రా బీ టీ గ్లాసు రాజారత్నం చేతికిచ్చింది. "ఆ మూట ఎవరు కట్టారన్నా? వదిన కట్టిందా?" అని అడిగింది. ఆవిడ ఎప్పుడూ కథను ఆపదు. అడిగేదల్లా ఇలాంటి చిన్న చిన్న సంగతులే.

"ఇంకెవరు కడతారు? మీ వదినే. గోంగూర పచ్చడి కూడా పెట్టింది. ఇంతకీ మదరాసు చేరా. అక్కడొక తెల్లదొర డాక్టరు, ఛాతీ కొలవాలన్నాడు. గాలి పీల్చమన్నాడు. పీల్చా. నలభై, నలభై నాలుగు, నలభై ఎనిమిది. టేపు టప్పుమంది. ఇద్దరు దర్జీల్ని పిలిపించి వాళ్ళ టేపులు ముడేశారు. అదీ టప్పుమంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? సర్వే ఆఫీసుకి మనిషిని పంపించారు. పొలాలు కొలిచే ఇనప గొలుసు తెచ్చారు. ఇద్దరు బంట్రోతులు చెరో కొస పట్టుకుని, ఒకడు ఇటు, ఒకడు అటు నా చుట్టూ బయల్దేరారు. అందులో ఒకడు వీపు కాడ దారి తప్పాడు."

త్రికోటేశ్వరరావుకు పొగ అడ్డం పడి దగ్గొచ్చింది. రాజారత్నం తనకు తెలియకుండానే గాలి పీల్చి, ముప్పై మూడు అంగుళాల దగ్గర ఆగాడు. నవ్వు వస్తోంది. నవ్వుతూనే స్టేషను గడియారం వైపు చూశాడు. రెండున్నర దాటింది.

"మరి అంతసేపూ గాలి ఒదల్లేదా అన్నా?" అంది హజ్రా బీ.

"వాళ్ళు ఒదలమంటే గదా ఒదిలేది. పరీక్షలో మన ఇష్టముంటుందా? గొలుసు లెక్క రాసుకుని, సరే ఒదులు అన్నాడు దొర. ఒదిలా. ఆయన టోపీ, కాగితాలు, బంట్రోతులు, అన్నీ పొయ్యినై. అయ్యి పోతే పోయినై. కిటికీ అవతల వీధిలో ఒక ట్రాము వస్తావుంది పాపం. అది నాలుగు వీధులు వెనక్కి పొయ్యింది. అందులో వాళ్ళంతా, మేం ఎక్కిన చోటే దింపావేందయ్యా అని కండక్టరుతో తగాదా."

"మాస్టారూ, మూడున్నర బండి," అన్నాడు రాజారత్నం మెల్లగా.

"బండిదేముందిరా, చెప్పాగా, కావాలంటే పట్టుకుని ఆపుతా. అసలు పరీక్ష ఇంకా మొదలే కాలా. మర్నాడు దండీలు. పొద్దున ఆరింటికి పడ్డా. లెక్కపెట్టడానికి ఒక గుమాస్తాని కూచోబెట్టారు. వెయ్యి, రెండు వేలు, అయిదు వేలు. మధ్యాన్నానికి గుమాస్తా సొమ్మసిల్లాడు. రెండో గుమాస్తా వచ్చాడు. వాడికి లెక్క మధ్యలో ప్రమోషనొచ్చి బదిలీ అయింది. మూడో గుమాస్తా వచ్చి, మొదట్నుంచీ తీయండి, పాత లెక్కకు నాకు పూచీ లేదన్నాడు. గవర్నమెంటు పద్ధతి గదా. మొదట్నుంచీ తీశా."

"ఆ మాట మాత్రం నమ్ముతా. మా శిస్తు కాడా అంతే," అన్నాడు త్రికోటేశ్వరరావు.

ఇక్కడ రాజారత్నం స్థితిని కొంచెం వివరించాలి. ఈ కథలో సత్యమెంతో తేల్చడానికి అతనికి ఎవరి సాక్ష్యమూ అక్కర్లేదు. అతను తాలింఖానాలో చేరింది 1941 వేసవిలో. చేరిననాటి నుంచి ఒక్క ఉదయం కూడా కొట్టం తలుపు మూసి ఉండగా చూడలేదు. వాన పడినా, పెళ్ళి ఉన్నా, ఊళ్ళో మశూచి వచ్చినా, కోడి కూసేలోపు బ్రహ్మానందం దీపం పెట్టుకుని అక్కడ ఉండేవాడు. మొదటి నెలంతా రాజారత్నం నాలుగో దండీకే బోర్లా పడిపోతుంటే, ఆయన పక్కన కూర్చుని ఛాతీ కింద అరచెయ్యి పెట్టి లేపేవాడు. "ఇంకొకటి. నాకోసం కాదు, నేల కోసం. నేల నిన్ను వద్దనేదాకా లెయ్యి," అనేవాడు. ఆ చెయ్యి యుద్ధం సాగిన ఏ సంవత్సరంలోనూ మద్రాసులో లేదు. ఆ సంగతి చెబితే సంతకం పోతుంది. చెప్పకపోతే బండి పోతుంది. రాజారత్నం టీ తాగాడు.

"మూడో రోజు," అన్నాడు బ్రహ్మానందం, గొంతు ఒక మెట్టు పెంచి, "డ్రిల్లు చెప్పించే పరీక్ష. సముద్రం ఒడ్డున రెండు వేలమంది పోలీసుల్ని నిలబెట్టారు. నేను ఒక్కసారి గాలి పీల్చుకుని అటెన్షన్ అన్నా. అంతే. పోలీసులు బిగుసుకున్నారు. రోడ్డు మీద గుర్రపు జట్కా బిగుసుకుంది. ఆకాశంలో ఒక కాకి రెక్కలు చాపింది చాపినట్టే నిలబడింది. ఒడ్డుకొస్తున్న అల ఒకటి తాటిచెట్టంత లేచి, పడాల్సింది పడకుండా, అట్టాగే నిలబడిపోయింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? భోజనాల గంట కొట్టారు. నేను స్టాండెటీజ్ చెప్పడం మరిచిపోయి అన్నానికి పొయ్యా."

"అరవోళ్ళ భోజనం. సాంబారు కోసం ఆలస్యమయ్యుంటది," అన్నాడు త్రికోటేశ్వరరావు.

"తిని, తాంబూలం ఏసుకుని వచ్చేసరికి అల అట్టాగే ఉంది. కింద జాలర్లు నడుచుకుంటా పొయ్యి, చేతుల్తో చేపలు ఏరుకుంటున్నారు. ఒక ముసలాయన నా కాడికొచ్చి, బాబూ, మా పిల్లలు ఇంకా రెండు బుట్టలు ఏరుకుంటారు, కాసేపు చెప్పమాక అన్నాడు. సాయంత్రం దాకా చెప్పలా."

హజ్రా బీ పొయ్యిలో పుల్ల ఎగదోసింది. "ఆ కాకి?"

"కాకేంది?"

"పాపం సాయంత్రం దాకా పైనే ఉందా?"

"దానికి మాత్రం అలవాటైపోయింది. స్టాండెటీజ్ అన్నాక కూడా కాసేపు అట్టాగే ఉంది," అన్నాడు బ్రహ్మానందం, తడుముకోకుండా.

రాజారత్నం ఈసారి ఆపుకోలేకపోయాడు. పగలబడి నవ్వాడు. నవ్వుతుంటే కళ్ళ వెంట నీళ్ళొచ్చాయి. బ్రహ్మానందం అతని నవ్వు చూసి మీసం తిప్పాడు. ఆ ముఖంలో ఒక వెలుగు వచ్చింది. ఇక ఆగేవాడు కాడు. స్టేషనులో మొదటి గంట కొట్టారు. బండి వెనక స్టేషను వదిలిందన్నమాట.

"ఇక ఆఖరి పరీక్ష. బతికిన కాలేజీ." మద్రాసు వెళ్ళొచ్చిన వాళ్ళు మ్యూజియాన్ని చచ్చిన కాలేజీ అనీ, జంతువుల్ని పెట్టిన తోటను బతికిన కాలేజీ అనీ అనడం ఆ రోజుల్లో వాడుక. "అక్కడికి తీసుకుపొయ్యారు. మనుషులకి డ్రిల్లు ఎవడైనా చెబుతాడు, దీనికి చెప్పు చూద్దాం అని బోను తలుపు తీశారు. లోపల సింహం. నేను లోపలికి పొయ్యి తలుపేసుకున్నా. అది గర్జించింది. నేను ఈల ఊదా. అది మళ్ళా గర్జించింది. నేను మళ్ళా ఊదా. అప్పుడది ఆలోచనలో పడింది. ఆ సందులో లెఫ్ట్ అన్నా. ఎడంకాలు లేపింది. రైట్ అన్నా. కుడికాలు లేపింది. పదినిమిషాల్లో ముందు కాళ్ళు గాల్లో పెట్టి, ఎనక కాళ్ళ మీద నిలబడి, జూలు సర్దుకుని నాకు సెల్యూట్ కొట్టింది. అంతటితో పోయిందా? నాలుగు రోజులు వరసగా పొయ్యి దాని చేత బస్కీలు తీయించా. ఆఖరికి దానికెంత క్రమశిక్షణ వచ్చిందంటే, మాంసం పెడితే ముట్టదు. యాభై బస్కీలు తీసి, చెమట ఆరాక, అప్పుడు తింటది. ఇప్పటికీ అంతే. కావాలంటే పొయ్యి చూసుకోండి."

"ఇప్పటికీనా?" అంది హజ్రా బీ.

"ఇప్పటికీ."

"నువ్వు పొయ్యిందెప్పుడన్నా? ఏ ఏడు?"

"నలభై రెండు. దసరా సెలవలు." అన్నివైపులా అడుగు గట్టిగా వేసినవాడి ధీమాతో అన్నాడు బ్రహ్మానందం.

హజ్రా బీ గరిటె పక్కన పెట్టి కొంగుతో చేతులు తుడుచుకుంది. ఆవిడ గొంతులో ఎగతాళి లేదు. "మా తమ్ముడు మస్తాను బతికిన కాలేజీలోనే పనిచేశాడన్నా. బోనుల్లో మాంసం కోసి ఏసేవాడు. ఆ ఏడు ఉగాది వెళ్ళిన నెలలో జపానోళ్ళు బాంబులేస్తారని మదరాసంతా ఖాళీ చేశారు గదా. బాంబు పడి బోను ఇరిగితే సింహాలు ఊరి మీద పడతయ్యని సర్కారు పోలీసుల్ని పిలిపించి కాల్పించేసింది. సింహం, పులి, చిరత, అన్నీ. ఒక్కటి మిగల్లా. పని పోయి ఇక్కడికొచ్చి, ఇదే బల్ల మీద కూచుని రెండు రోజులు ఏడ్చాడు వాడు. ఉగాదికి చచ్చిన సింహానికి దసరాకి డ్రిల్లెట్టా చెప్పావన్నా?"

ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. 1942 ఏప్రిల్‌లో మద్రాసు జంతుప్రదర్శనశాలలోని క్రూరమృగాలను కాల్చివేశారు. రాజారత్నం ఆ వార్త అప్పుడే విన్నాడు.

త్రికోటేశ్వరరావు చుట్ట నేల మీద పడింది. బల్ల చరుస్తూ నవ్వాడు. "చచ్చిన కాలేజీలో చెప్పుంటాడమ్మా. బావకి దారి తెలవక అందులోకి పోయుంటాడు."

బ్రహ్మానందం ఒక్క క్షణం మాత్రమే తడబడ్డాడు. "నలభై రెండన్నానా? నలభై ఒకటి. దసరా మాత్రం ఖాయం."

"నలభై ఒకటయితే నాకు కుదరదు మాస్టారూ," అన్నాడు రాజారత్నం.

తను అన్న మాట తనకే వినబడి ఉలిక్కిపడ్డాడు. కాని అప్పటికే కాగితం బల్ల మీద పరిచాడు. తొమ్మిదో గడి మీద వేలు పెట్టి, ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగులో చెప్పాడు. "సంతకం పెట్టే గురువు గడిచిన పదేళ్ళుగా ఒకేచోట, ఎడతెగకుండా వ్యాయామం నేర్పుతూ ఉండాలి. మధ్యలో ఊరు విడిచి ఉంటే ఎప్పుడు, ఎంతకాలం, దేనికి అన్నది రాయాలి. విరామం ఉంటే ఆయన సంతకం చెల్లదు."

"నలభై," అన్నాడు బ్రహ్మానందం. గొంతు తగ్గింది.

"నలభై కూడా పదేళ్ళలోదే. యుద్ధం రోజులన్నారు గదా. యుద్ధం వచ్చిందే ముప్పై తొమ్మిదిలో."

దూరంగా బండి కూత వినబడింది. రాజారత్నం కాగితం మీద వేలు తీయలేదు. ఆ పెద్దమనిషి ముఖం చూస్తే అతనికి జాలి వేయలేదు. వేరే ఏదో గుర్తొచ్చింది. ఛాతీ కింద అరచెయ్యి గుర్తొచ్చింది.

"మాస్టారూ," అన్నాడు. "నలభై రెండు దసరాకి నేను రోజూ కొట్టానికి వచ్చాను. ముప్పై దండీలు దాటింది ఆ పండగరోజే. పక్కన మీరున్నారు. పండగ గదా, ఇవాళైనా పడుకోక పొయ్యారా అంటే, నేను పడుకుంటే నేల ఊరుకుంటదా అన్నారు. సింహానికి నాలుగు రోజులు డ్రిల్లు చెప్పినవాళ్ళు ఉంటే ఉంటారు. పదమూడేళ్ళు ఒక్క పొద్దు కూడా మానకుండా కొట్టం తెరిచినవాడు మదరాసు మొత్తం మీద ఒక్కడుంటే చూపించమనండి."

త్రికోటేశ్వరరావు పడిపోయిన చుట్ట తీసుకుని దులిపాడు. "అది మాత్రం నిజం బావా. మా ఆవిడ పొద్దున్నే కొట్టంలో నీ కేక ఇని పాలు పితుకుద్ది. నువ్వు ఒక్కరోజు మానినా బర్రె తంతది," అన్నాడు. ఎగతాళి చేస్తున్నట్టే అన్నాడు గాని, అది ఆయన జీవితంలో ఇచ్చిన మొదటి సాక్ష్యమై ఉంటుంది.

బ్రహ్మానందం కాగితం వైపు తొలిసారి చూశాడు. చాలాసేపు చూశాడనిపించింది గాని బండి స్టేషనులోకి ఇంకా రాలేదు కాబట్టి అది రెండు నిమిషాలకు మించి ఉండదు. ఒక పక్క మద్రాసు ప్రయాణం, ఆగిన అల, సెల్యూట్ చేసిన సింహం, వచ్చే ఏడు కూడా తన మెడలోనే ఉండబోయే ఈల. ఇంకో పక్క బోర్లా పడ్డ ఒక కుర్రవాడు.

"మొత్తం మూడు వరసలే ఉందేందిరా చోటు," అన్నాడు.

"మూడే మాస్టారూ."

"సింహం పట్టదు."

"పట్టదు మాస్టారూ."

"పెన్నియ్యి."

ఆయన రాయడం కూడా బస్కీ తీసినంత శ్రద్ధగా రాశాడు. నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని, అక్షరం అక్షరం నిలబెట్టి, మూడు వరసలూ అంచు దాకా నింపాడు. సంతకం కింద తేదీ వేశాడు. సిరా ఆరడానికి ఒక్కసారి ఊదాడు. ఏ ట్రామూ వెనక్కి పోలేదు.

"మరి సింహం మాటేంది బావా?" అన్నాడు త్రికోటేశ్వరరావు.

"సింహానిది వేరే కాగితం," అన్నాడు బ్రహ్మానందం. "పరిగెత్తరా రత్నం, బండొచ్చింది. అందకపోతే నన్ను పిలవమాక, నాకు ఆయాసం."

రాజారత్నం పరిగెత్తాడు. తపాలా పెట్టెలో కవరు వేసి తిరిగి చూసేసరికి దుకాణంలో హజ్రా బీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. బ్రహ్మానందం లేచి నిలబడి, రెండు చేతులూ చాపి, గాల్లో ఏదో చాలా పెద్దదాన్ని కొలిచి చూపిస్తున్నాడు. బండి చప్పుడులో మాట వినబడలేదు. ఆ కొలతను బట్టి చూస్తే అది సింహం కాదు.

రాజారత్నానికి సీటు దొరికింది. 1947 వేసవిలో సర్టిఫికెట్టుతో తిరిగొచ్చి అదే బడిలో డ్రిల్లు మాస్టారు అయ్యాడు. కొట్టానికి వెళ్ళడం మానలేదు. పిల్లలు దండీలకు బద్ధకిస్తే తన గురువు సింహం చేత బస్కీలు తీయించిన సంగతి చెప్పేవాడు. కాబట్టి ఈ కథను నాలుగూళ్ళకు చేర్చింది బ్రహ్మానందం కంటే ఎక్కువగా అతనే. ఒక్కొక్క తరగతికి ఒక్కొక్క రకంగా చెప్పేవాడని కూడా తెలుస్తోంది. మాచర్లకు కుస్తీ, గురజాలకు దణ్ణం అట్లా చేరాయి. క్రోసూరు ఏనుగు సంగతి మాత్రం తేలలేదు.

శిక్షణ పూర్తయ్యాక దరఖాస్తుకు జతచేసిన పత్రాలన్నీ అతనికి తిరిగి ఇచ్చేశారు. వాటిలో తొమ్మిదో గడి ఉన్న కాగితం కూడా ఉంది. దాని మీద బ్రహ్మానందం సొంత దస్తూరితో ఉన్న మూడు వరసలు ఇవి: "1933వ సంవత్సరము ఏప్రిలు మొదలు నేటి వరకు నడికుడి గ్రామమునందే తాలింఖానా నడుపుచున్నాను. ఈ పదమూడేండ్లలో ఒక్క దినమైనను మానలేదు, ఊరు విడువలేదు. మదరాసు పట్టణము నేనెన్నడును చూచి యుండలేదు." కింద సంతకం. తేదీ 1946 జూన్ 14.